చిన్న రైతు – పరపతి సంఘము
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



పంచాంగ శ్రవణము యిప్పుడే ముగిసింది. యెవరి రాశికి ఆదాయమెంతో, వ్యయమెంతో విన్నాము. నేను జ్యోతిషము తెలిసినవాడిని కాను. రైల్వే గూడ్సు షెడ్డులో గుమాస్తాను. మెట్రిక్ వరకే చదివాను. బస్తాలు లెక్కపెట్టడము, రసీదులు వ్రాయడము నా వృత్తి. అయినా రైతు యింట పుట్టినవాడిని గనుక, చిన్న రైతు ఆదాయ వ్యయాలలో సహకార సంఘము పాత్ర యేమిటో నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆజ్ఞాపించారు. తప్పులుంటే మన్నించగలరు.

1953లో తుంగభద్ర కాలువలకు నీరు వదిలారు. ఆ సంవత్సరమే అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రము యేర్పడింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రకు పోగా, బళ్ళారి మైసూరు రాష్ట్రములో చేరింది. సరిహద్దు గీత పడినా కాలువ నీటి వెంట మనుషులు వచ్చారు. కోస్తా జిల్లాలనుండి మనవాళ్ళు సిరుగుప్ప, గంగావతి, సింధనూరు ప్రాంతాలకు చేరి క్యాంపులు వేసుకొన్నారు. శక్తి వున్నవారు భూములు కొన్నారు. లేనివారు కౌలుకు చేశారు. మా తాతగారు ఆ రెండవ కోవలోనివారు.

చిన్న రైతుకు కావలసింది పెద్ద మొత్తము కాదు, సమయానికి అందే మొత్తము. నారు పోసేనాడు, యెరువు వేసేనాడు చేతిలో డబ్బు వుండాలి. లేకపోతే మండీకి పోవాలి. నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీ చొప్పున యాభైవేలు తెస్తే, ఆరు నెలలకు వడ్డీయే ఆరువేలు. దానికితోడు పంట ఆ మండీకే వేయాలి. ధర వారు చెప్పిందే, తూకము వారు వేసిందే. అప్పు యిచ్చినవాడు, కొనేవాడు ఒకడే అయితే రైతుకు బేరమాడే నోరు వుండదు.

ఆ నోరు యిప్పించడానికే పరపతి సంఘము పుట్టింది. బళ్ళారి మద్రాసు రాజధానిలో వున్న రోజులలో, 1890 దశకములో, ఫ్రెడరిక్ నికల్సన్ అనే అధికారి రైతుల అప్పుల విషయము పరిశోధించి పెద్ద నివేదిక వ్రాశారు. జర్మనీలో రైఫైజెన్ అనే గ్రామాధికారి నడిపిన సంఘాల పద్ధతి మన పల్లెలకు తగినదని దాని సారాంశము. ఆ పద్ధతిలో హామీ భూమి కాదు, మనిషి. ఒకే వూరివారు కలిసి, ఒకరి బాకీకి అందరూ పూచీ పడతారు. యెవడు కష్టజీవో, యెవడు డబ్బు తగలేస్తాడో యిరుగుపొరుగుకు తెలిసినంతగా యే బ్యాంకుకూ తెలియదు. ఆ తెలివిడే సంఘమునకు మూలధనము. 1904లో సహకార పరపతి సంఘాల చట్టము వచ్చింది. మరుసటి యేడే మన గుంతకల్లు–హుబ్బళ్ళి లైనులోని గదగ్ దగ్గర కణగినహాళ గ్రామములో సిద్దనగౌడ పాటీలుగారు సంఘము స్థాపించారు. దేశములోని మొట్టమొదటి సంఘాలలో అది ఒకటి. నేను డ్యూటీమీద ఆ లైనులో పోయినప్పుడల్లా మనసులోనే ఒక నమస్కారము పెట్టుకొంటాను.

కాని తరువాత కథ అంత సజావుగా లేదు. 1951-52లో రిజర్వు బ్యాంకు దేశమంతటా గ్రామ ఋణాల పరిశీలన జరిపించింది. రైతులు తెచ్చిన అప్పులో సహకార సంఘాలు యిచ్చింది నూటికి మూడు పాళ్ళు చిల్లర మాత్రమేనని, వడ్డీవ్యాపారులు యిచ్చింది డెబ్బయి పాళ్ళని 1954 నివేదికలో తేలింది. భూమిని చూసి కాదు, వేసే పంటను చూసి అప్పు యివ్వాలని ఆ నివేదిక సలహా చెప్పింది.

నాటికి నేటికి చాలా మార్పు వచ్చింది, ఒప్పుకోవాలి. వూరి సంఘము, జిల్లా కేంద్ర బ్యాంకు, రాష్ట్ర బ్యాంకు అనే మూడంతస్తుల ద్వారా పంట ఋణము పల్లెకు చేరుతున్నది. కర్ణాటకములో గడువులోగా కట్టేవారికి వడ్డీ లేకుండా యిచ్చే పంట ఋణాల పరిమితిని 2023లో మూడు లక్షలనుండి అయిదు లక్షలకు పెంచారు. యిది సామాన్యమైన మేలు కాదు. అయితే ఆ మేలు పొందడానికి పహణీలో పేరుండాలి. మా నాన్నగారి పేరు యే పహణీలోనూ లేదు.

నా అనుభవము ఒకటి మనవి చేస్తాను. 2009లో నేను మెట్రిక్ ప్యాసయ్యాను. ఆ అక్టోబరు మొదట తుంగభద్ర పొంగి సిరుగుప్ప తాలూకా నీట మునిగింది. మేము కౌలుకు చేసిన నాలుగెకరాల వరి కంకులతో సహా కుళ్ళిపోయింది. పరిహారము పహణీని బట్టి వచ్చింది, పహణీ ఆసామిది. నాన్నగారు సంఘమునకు పోయి అప్పు అడిగారు. గుమాస్తా మంచివాడే. కుర్చీ వేసి కూర్చోబెట్టి, "అన్నా, మీరు నాణ్యమైనవారని వూరంతా యెరుగును. కాని కాగితము యెరగదు కదా" అన్నాడు. నా చదువు అక్కడితో ఆగింది. కొన్నాళ్ళకు రైల్వేలో చిన్న ఉద్యోగము దొరికింది, తరువాత గుమాస్తానయ్యాను. నాన్నగారు యిప్పుడు సేద్యము మానుకొన్నారు.

ఆ సంవత్సరము మమ్మల్ని నిలబెట్టింది కూడా సహకార సంఘమే. అమ్మకు రెండు గేదెలుండేవి. పాల సంఘమువారు పహణీ అడగలేదు, పాలు అడిగారు. ఉదయము, సాయంత్రము కొలిచి, వెన్న శాతము చూసి, లెక్క పుస్తకములో వ్రాసి, వాయిదా ప్రకారము డబ్బు యిచ్చారు. 1946లో గుజరాతులోని ఖేడా జిల్లా రైతులు ప్రారంభించిన పద్ధతే అది. ఒకే వూళ్ళో రెండు సంఘాలు: ఒకటి ఆస్తిని చూసింది, రెండవది కష్టాన్ని చూసింది. నా ప్రసంగమంతా యీ ఒక్క మాటలో వున్నది.

పంట సంఘము కూడా కష్టాన్ని చూడలేదా? చట్టము అడ్డు వున్నమాట నిజమే. 1974లో కర్ణాటకములో దున్నేవారికే భూమి యిప్పించి, ఆ పైన కౌలుకు యివ్వడము నిషేధించారు. ఉద్దేశము గొప్పది, యెందరో కౌలుదార్లు భూస్వాములయ్యారు. కాని ఆ తరువాత వచ్చిన కౌలు నోటిమాటగా, చాటుగా సాగింది. ఆంధ్రలో 2011లోను, 2019లోను సాగుదారులకు గుర్తింపు యిచ్చే చట్టాలు చేశారు. యిక్కడ మనకు మిగిలిన దారి ఉమ్మడి బాధ్యత సంఘము. నలుగురు మొదలు పదిమంది వరకు చిన్న రైతులు, నోటిమాట కౌలుదార్లు సైతము, ఒక జట్టుగా చేరి ఒకరికొకరు పూచీ పడితే భూమి తాకట్టు లేకుండా ఋణము యివ్వవచ్చునని నాబార్డు 2006లో పథకము పెట్టింది. చూశారా! రైఫైజెన్ చెప్పిన పాతమాటకే తిరిగి వచ్చాము.

తెలంగాణములో ముల్కనూరు సంఘమును చూడండి. 1956లో ఏ.కె. విశ్వనాథరెడ్డిగారు పధ్నాలుగు గ్రామాల రైతులతో ప్రారంభించారు. అప్పు యివ్వడముతో సరిపెట్టక యెరువులు, విత్తనాలు, బియ్యపు మిల్లు, పత్తి జిన్నింగు కూడా సంఘమే చేపట్టింది. అప్పు యిచ్చే సంఘమే పంటను సరియైన తూకముతో కొంటే బాకీ దానంతట అదే వసూలవుతుంది. అదే ప్రాంతములో 2000 నుండి ఆడవారు పాల డెయిరీ నడుపుతున్నారు. సభ్యులు లెక్క అడిగినచోట సంఘము బ్రతికింది. అడగనిచోట నలుగురు పెద్దల సొంత ఖాతాగా మారింది.

కాబట్టి యీ సభకు మూడు మనవులు. మొదటిది, మన క్యాంపులలోని కౌలుదార్లను జట్లుగా చేర్చి, బ్యాంకుకు వెంటబెట్టుకొని పోయే బాధ్యత మన సంఘము తీసుకోవాలి. దరఖాస్తులు కన్నడములో వ్రాయడము నావంతు. ఆదివారములు నాకు తీరికే. రెండవది, సొసైటీలో వాటా వున్న ప్రతివారు సర్వసభ్య సమావేశమునకు పోవాలి, లెక్క చదివించుకోవాలి. మూడవది చెప్పడానికి కొంచెము జంకుగా వున్నది. యీ సభలో భూములు కౌలుకిచ్చిన పెద్దలున్నారు. పంట పోయిన యేడు మీ పేర వచ్చిన పరిహారము, విత్తినవాని చేతికి చేరేటట్లు చూడండి. ఆ డబ్బు చట్టరీత్యా మీదే కావచ్చును. మునిగిన చెమట మాత్రము వానిది.

పరపతి అంటే అప్పు అని ఒక అర్థము, నలుగురిలో మాట చెల్లుబడి అని మరొక అర్థము. మొదటిది కాగితము మీద పుట్టవచ్చును గాని, రెండవది యిరుగుపొరుగు నోటనే పుట్టాలి. మా నాన్నగారి తరఫున ఆ రోజు అలా పలికే నలుగురు జట్టుగా లేరు. వచ్చే ఉగాదికి మన క్యాంపులలో ఒక్క జట్టయినా యేర్పడితే, అప్పుడు పంతులుగారు చదివే ఆదాయము మన కౌలుదారుకు కూడా వర్తిస్తుంది.