నేతపనిలో సూక్ష్మజీవులు, మొక్కల రసాలు



సూక్ష్మజీవి అనే మాట వినగానే మనకు జ్వరమో, విరేచనాలో గుర్తుకొస్తాయి. బడిలో పిల్లలను అడిగినా మొదట చెప్పేది రోగాల పేర్లే. తర్వాత కాసేపు ఆలోచించి పెరుగు, ఇడ్లీ పిండి అంటారు. మన సోలాపూర్‌లో, ముఖ్యంగా కుమఠా నాకా వంటి నేతగాళ్ల వాడల్లో, ఇంకొక జవాబు కూడా రావాలి. అది బట్ట. పోగుకు పెట్టిన గంజిని వదిలించడంలో, నూలుకు రంగు పట్టించడంలో, ఆ మురికినీళ్లను శుభ్రం చేయడంలో కంటికి కనిపించని ఈ జీవులకు పెద్ద పని ఉంది. వాటికి మొక్కల రసాలు తోడవుతాయి. వీటిని ఎలా వాడుకుంటే మనకు లాభం, ఎక్కడ జాగ్రత్త పడాలి అన్నదే ఈనాటి ప్రసంగం.

ముందు గంజి సంగతి చూద్దాం. తెలంగాణ జిల్లాల నుంచి మన పెద్దలు ఇక్కడికి వచ్చినప్పుడు మగ్గంతో పాటు గంజి కుండ, కుంచె కూడా వెంట వచ్చాయి. మరాఠీలో దీన్నే ఖళ్ అంటారు. మగ్గం మీద పడుగు పోగు వేల సార్లు రాపిడికి గురవుతుంది. గంజి లేకపోతే నూగు లేచి పోగు తెగుతుంది. రెండు పోగులు కలిపి పురిపెట్టిన నూలుకు గంజి అవసరం తక్కువ. ఒంటిపోగు నూలుకు మాత్రం తప్పదు. నూరు కిలోల పడుగుకు పది కిలోలకు అటూ ఇటుగా గంజి పడుతుంది. ఇప్పుడు ఈ పని ఎక్కువగా సైజింగ్ కార్ఖానాల్లో జరుగుతోంది.

నేత పూర్తయ్యాక అదే గంజి అడ్డు అవుతుంది. గంజి ఉన్న టవల్ నీళ్లు పీల్చదు, గంజి ఉన్న బట్టకు రంగు సమానంగా పట్టదు. కాబట్టి దాన్ని తీసేయాలి. ఉడికిన గంజి ఎండి పోగుకు అతుక్కుంటే మామూలు నీళ్లకు వదలదు. ఎందుకంటే పిండిపదార్థం అంటే వందలు, వేల చక్కెర రేణువులు గొలుసులాగా ముడిపడి ఉన్న పదార్థం. ఆ గొలుసును ముక్కలు చేస్తేనే అది నీళ్లలో కరుగుతుంది.

ఈ గొలుసును తెంచే కత్తెర మన నోట్లోనే ఉంది. ఈ రాత్రి భోజనం దగ్గర ఒక పని చేయండి. కూర, చట్నీ ఏమీ లేకుండా ఒక చిన్న జొన్న రొట్టె ముక్క నోట్లో పెట్టుకుని, మింగకుండా రెండు మూడు నిమిషాలు నమలండి. మెల్లగా తీపి తెలుస్తుంది. మన లాలాజలంలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంది. అది జొన్నపిండిలోని గొలుసులను తెంచి తియ్యని చక్కెరగా మారుస్తుంది. సరిగ్గా ఇదే పనిని బట్ట మీద బాక్టీరియా చేస్తుంది.

పాత రోజుల్లో అద్దకందార్లు గంజి బట్టను గోరువెచ్చని నీళ్లలో ముంచి ఒక రోజంతా ఉంచేవారు. గాలిలో, నీళ్లలో ఉన్న సూక్ష్మజీవులు గంజిని తిని పెరిగి, తమ ఎంజైములతో దాన్ని కరిగించేవి. మరునాడు ఉతికితే గంజి పోయేది. ఖర్చు లేదు. అయితే ఒక చిక్కు ఉంది. ఏ జీవి వచ్చి చేరుతుందో మన చేతిలో లేదు. గంజిని తినేవాటితో పాటు దూదిని తినే బూజు కూడా చేరవచ్చు. అప్పుడు గంజితో పాటు బట్ట కూడా చివికిపోతుంది. ఇంకొందరు గంధకామ్లాన్ని నీళ్లలో కలిపి గంజి తీసేవారు. పాలు కాస్త ఎక్కువైనా, ఆమ్లం బట్ట మీద ఆరినా పోగు బలం తగ్గిపోతుంది. పనివాళ్ల చేతులు, కళ్లు కాలే ప్రమాదం సరేసరి.

1833లో ఫ్రాన్స్‌లో పాయెన్, పెర్సో అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు మొలకెత్తిన బార్లీ గింజల నుంచి పిండిని కరిగించే పదార్థాన్ని వేరు చేశారు. కాలక్రమంలో ఆ మొలక రసంతోనే మిల్లుల్లో గంజి తీయసాగారు. ఆ తర్వాత 1917 ప్రాంతంలో బ్వాడాఁ, ఎఫ్రాఁ అనేవారు బాసిల్లస్ జాతి బాక్టీరియాను పెంచి, దాని నుంచి అమైలేజ్‌ను పెద్ద ఎత్తున తయారుచేసే దారి చూపించారు. ఇక బట్ట మీద బాక్టీరియాను వదలాల్సిన పని లేకపోయింది. అది చేసిన కత్తెర ఒక్కటి చాలు. అమైలేజ్ పిండి గొలుసునే తెంచుతుంది, దూది గొలుసు జోలికి పోదు. తాళానికి తగిన తాళపుచెవి లాగా ప్రతి ఎంజైముకు తన పని వేరు. అందుకే రంగు నూలుతో నేసిన బట్టకు కూడా ఇది అనుకూలమైన పద్ధతి.

అయితే ఎంజైమ్ ప్రోటీన్‌తో చేసినది. దానికి తగిన వేడి, తగిన పులుపు, తగిన సమయం కావాలి. మామూలు బాక్టీరియా అమైలేజ్ 60 నుంచి 70 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర బాగా పనిచేస్తుంది. 90 డిగ్రీలకు పైన కూడా నిలిచే రకాలు ఉన్నాయి. ఏ రకం కొన్నారో డబ్బా మీద చూడాలి. తట్టుకోలేని రకాన్ని మరుగుతున్న నీళ్లలో పోస్తే, ఉడికిన గుడ్డు మళ్లీ పచ్చిది కానట్లు, అది మళ్లీ పనికిరాదు. ఘాటైన సబ్బు, కాస్టిక్ సోడా, మైలతుత్తం వంటివి తగిలినా దాని పని ఆగిపోతుంది. డబ్బాను బాయిలర్ పక్కన పెట్టకూడదు. నీడలో, చల్లగా ఉంచాలి. పొడి రకమైతే ముక్కులోకి పీల్చకూడదు. ఎంజైమ్ ధూళి వల్ల కొందరికి ఉబ్బసం వస్తుంది. ద్రవ రూపంలో ఉన్నది కొనడం మేలు.

గంజి పూర్తిగా పోయిందో లేదో ఎలా తెలుస్తుంది? మందుల దుకాణంలో దొరికే టింక్చర్ అయొడిన్‌ను పలుచని టీ రంగు వచ్చేదాకా నీళ్లలో కలపండి. ఉతికిన బట్ట అంచు మీద ఒక చుక్క వేయండి. నలుపు తిరిగిన నీలం వస్తే గంజి ఇంకా మిగిలి ఉంది. లేత పసుపుగానే ఉంటే గంజి పోయినట్లు. ఈ పరీక్షను ఏడో తరగతి పిల్లవాడు కూడా చేయగలడు. ఒక హెచ్చరిక మాత్రం గుర్తుంచుకోండి. కొన్ని చోట్ల గంజిలో పాలీవినైల్ ఆల్కహాల్ అనే కృత్రిమ పదార్థం కలుపుతారు. దాన్ని అమైలేజ్ తెంచలేదు. కాబట్టి సైజింగ్‌లో ఏం కలిపారో అడిగి తెలుసుకున్న తర్వాతే ఎంజైమ్ కొనాలి. లేకపోతే డబ్బు దండగ.

గంజిని తినే జీవులే వానాకాలంలో మనకు శత్రువులు కూడా. తడి ఆరని బీమ్‌ను మూల పెడితే బూజు పడుతుంది. మన సోలాపూర్ కడక్ భాకరీని చూడండి. పిండి వంటకమే అయినా, కరకరమనేలా ఎండబెట్టినందువల్ల రోజుల తరబడి నిలుస్తుంది. తడి లేకపోతే బూజుకు బతుకు లేదు. బీమ్‌కూ ఇదే సూత్రం. మందు కొట్టేముందు గాలి తగిలే చోటు చూడండి.

ఇంకో ఎంజైమ్ గురించి రెండు మాటలు. బట్టను తెల్లగా చేయడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ వాడతారు. అది కొంచెం మిగిలినా తర్వాత వేసే రంగును పాడుచేస్తుంది. అందుకని మళ్లీ మళ్లీ నీళ్లతో కడుగుతారు. కాటలేజ్ అనే ఎంజైమ్ వేస్తే పెరాక్సైడ్ విరిగి నీరుగా, ప్రాణవాయువుగా మారిపోతుంది. కడిగే నీళ్లు బాగా తగ్గుతాయి. నల్లా ఎప్పుడు వస్తుందా అని కుండలు వరుసపెట్టే మన ఊళ్లో, నీళ్లు మిగిలించే ప్రతి పద్ధతికీ విలువ ఉంది.

ఇక రంగుల దగ్గరకు వద్దాం. ఇక్కడ సూక్ష్మజీవి, మొక్క రెండూ చేతులు కలుపుతాయి. శ్రీకాళహస్తి, మచిలీపట్నం కలంకారీ బట్టల మీద నల్లని గీతలు చూసే ఉంటారు. ఆ నలుపు బజారులో కొన్న పొడి కాదు. తుప్పుపట్టిన ఇనుప ముక్కలు, బెల్లం, నీళ్లు ఒక కుండలో వేసి కొన్ని వారాలు పులియబెడతారు. సూక్ష్మజీవులు బెల్లాన్ని తిని పులుపుగా మారుస్తాయి. ఆ పులుపులో ఇనుము కరుగుతుంది. దీన్నే కసిమి అంటారు. బట్టకు ముందే కరక్కాయ రసం, గేదె పాలు పట్టిస్తారు. కరక్కాయలో టానిన్ అనే వగరు పదార్థం ఉంది. ఇనుప నీళ్లు ఆ వగరు మీద పడగానే గాఢమైన నలుపు పుడుతుంది. కుండలో సూక్ష్మజీవి చేసిన పులుపు, కాయలో చెట్టు దాచుకున్న వగరు, వీటిలో ఏ ఒక్కటి లేకపోయినా ఆ నలుపు రాదు.

నీలిమందు కథ కూడా ఇలాంటిదే. నీలి రంగు నీళ్లలో కరగదు, కరగనిది నూలులోకి దిగదు. తెలుగునాట నీలి తొట్టిలో సున్నంతో పాటు ఉడికించిన తగిరిస గింజలు వేసే అలవాటు ఉండేది. ఆ గింజల ఆహారంతో తొట్టిలో బాక్టీరియా పెరుగుతుంది. అది నీలిని కరిగే రూపంలోకి మారుస్తుంది. తొట్టి నుంచి తీసిన నూలు ముందు పచ్చగా కనిపించి, గాలి తగిలిన కొద్దీ నీలంగా మారుతుంది. 1897లో జర్మనీ కంపెనీ కృత్రిమ నీలిని బజారులోకి తెచ్చాక మన నీలి తోటలు పోయాయి. తొట్టిలో బాక్టీరియా స్థానంలో హైడ్రోసల్ఫైట్ అనే రసాయనం వచ్చింది. పని తొందరగా అవుతుంది గాని, దాని లవణాలన్నీ చివరికి నీళ్లలో చేరతాయి.

మన జిల్లాకు సొంతమైన రంగు వనరు ఒకటుంది, దానిమ్మ. 2005లో జాతీయ దానిమ్మ పరిశోధన కేంద్రం సోలాపూర్‌లో ఏర్పడింది. 2016లో సోలాపూర్ దానిమ్మకు భౌగోళిక గుర్తింపు దక్కింది. గింజలు తీసుకున్నాక మిగిలే తొక్కలో టానిన్ దండిగా ఉంటుంది. బూజు నుంచి, పురుగు నుంచి కాయను కాపాడుకోవడానికి చెట్టు చేసుకున్న ఏర్పాటు అది. తొక్కను ఉడికించిన నీళ్లలో పటికతో నూలును ముంచితే పసుపు వస్తుంది. ఇనుప నీళ్లు తగిలిస్తే బూడిద రంగు నుంచి నలుపు దాకా వస్తుంది.

అయితే మొక్క నుంచి వచ్చింది కాబట్టి అంతా మంచిదే అనుకోవడం పొరపాటు. రంగు నిలవడానికి కొందరు మైలతుత్తం, క్రోమియం లవణాలు కలుపుతారు. అవి విషాలు. ఇనుము ఎక్కువైతే కొన్నాళ్లకు నూలు పొడిపొడి అవుతుంది. పసుపుకొమ్ము రంగు ఎండకు ఇట్టే వెలిసిపోతుంది. ఊళ్లోని చద్దర్లన్నింటికీ తొక్కల రంగే వేయగలమని నేను అనను. కొద్దిపాటి సరుకుకు, మంచి ధర ఇచ్చే కొనుగోలుదారుకు అది పనికివస్తుంది. ముందు ఒక నూలు చిలపకు రంగు వేయండి. సగం అట్టతో కప్పి వారం రోజులు ఎండలో పెట్టండి. పదిసార్లు ఉతకండి. కప్పిన సగానికి, కప్పని సగానికి తేడా చూసి అప్పుడు సరుకు ఒప్పుకోండి.

చివరిగా మోరీ నీళ్ల సంగతి. తీసేసిన గంజి ఎక్కడికి పోతుంది? కాలువలోకి. అక్కడ కోట్లాది సూక్ష్మజీవులు దాన్ని తింటూ నీళ్లలోని ప్రాణవాయువును హరిస్తాయి. చేపలు చస్తాయి, దుర్వాసన పుడుతుంది. అవే జీవులను ఒక తొట్టిలో పెట్టి, గాలి ఊది, తగిన సమయం ఇస్తే కాలువకు చేరకముందే గంజిని తినేస్తాయి. 1914లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో మొదలైన ఈ పద్ధతినే ప్రపంచమంతా మురుగు శుద్ధికి వాడుతోంది. చిన్న కార్ఖానాదారు ఒక్కడే ఇది పెట్టుకోలేడు. పదిమంది కలిసి పెట్టుకోవాలి.

రంగు నీళ్ల విషయంలో ఇంకా మెలకువ అవసరం. ఆజో జాతి రంగులను కొన్ని బాక్టీరియాలు గాలి లేని తొట్టిలో విరగ్గొడతాయి. నీళ్లు తెల్లబడతాయి. కానీ విరిగిన ముక్కల్లో కొన్ని క్యాన్సర్ తెచ్చేవి. బెంజిడీన్ వల్ల మూత్రాశయ క్యాన్సర్ వస్తుందని రుజువైంది. అందుకే గాలి లేని తొట్టి తర్వాత గాలి ఊదే తొట్టి కూడా ఉండాలి. రంగు పోయినంత మాత్రాన నీళ్లు శుభ్రమైనట్లు కాదు. ఇలాంటి ముక్కలను ఇచ్చే ఆజో రంగులను 1994లో జర్మనీ నిషేధించింది. 1997లో మన దేశం, 2002లో ఐరోపా సమాజం అదే దారి పట్టాయి. ఆజో రంగులన్నీ నిషిద్ధం కావు, జాబితాలో ఉన్నవే. రంగు కొనేటప్పుడు ధృవపత్రం అడగండి. అది లేక ఎగుమతి సరుకు వెనక్కి వస్తే ఒక్క సేఠ్ నష్టపోడు, వాడలో నేసినవాళ్లందరి కూలీ ఆగిపోతుంది. ఇంకొక మాట, రంగు తొట్టిలో వట్టి చేతులు పెట్టకండి, ఒట్టి కాళ్లతో రంగు నీళ్లలో నిలబడకండి. రబ్బరు తొడుగుల ఖర్చు ఆసుపత్రి ఖర్చు కంటే ఎప్పుడూ తక్కువే.

శ్రోతలారా, సూక్ష్మజీవి మనకు చుట్టమూ కాదు, పగవాడూ కాదు. తగిన తిండి, తగిన వేడి, తగిన సమయం ఇస్తే పనిచేసే కూలీ. ఇవ్వకపోతే తన పని తాను చూసుకుంటుంది, ఆ పని బట్టను తినడమే కావచ్చు. కాబట్టి జీవ సంబంధమైనదనో, మూలికా రంగు అనో డబ్బా మీద రాసిన మాటను చూసి మోసపోకండి. వేడి కొలవండి, చుక్క వేసి చూడండి, ఎండలో పెట్టి చూడండి. ఇంట్లో చదువుకుంటున్న అమ్మాయిలు, అబ్బాయిలు ఉంటే ఈ పరీక్షలు వాళ్ల చేత చేయించండి. అమ్మానాన్నల పనిలో ఎంత శాస్త్రం ఉందో వాళ్లకు తెలుస్తుంది. వాళ్ల పుస్తకంలోని పాఠం మీ మగ్గానికి ఎలా పనికివస్తుందో మీకూ తెలుస్తుంది.