మొలల శస్త్రచికిత్స తరువాత పథ్యము
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



నేడు మేము ముచ్చటింపబూనిన విషయము సభలలో సాధారణముగా ఎవరును ఎత్తునది కాదు. రోడ్లను గూర్చి, వీధి దీపములను గూర్చి, పన్ను వసూళ్ళను గూర్చి మీరు ఎన్నో ప్రసంగములు వినియున్నారు. మొలల వ్యాధిని గూర్చి ఎవరు మాటలాడుదురు? ఆ వ్యాధి కలవాడు భార్యతో గూడ చెప్పుకొనడు. రక్తము పడుచున్నను, కోతలు కానిమ్మని, పిల్ల పెండ్లి కానిమ్మని కాలము గడుపును. చివరకు ఆసుపత్రికి పోయి శస్త్రచికిత్స చేయించుకొని ఇల్లు చేరిన పిమ్మట, ఏమి తినవలెనో అతనికి తెలియదు. వైద్యుడు చెప్పిన నాలుగు మాటలు బస్సు దిగులోపల మరపునకు వచ్చును. ఇంటి పెద్దలు చెప్పునది ఒకటి, ఇరుగుపొరుగువారు చెప్పునది మరియొకటి.

కొంతకాలము క్రిందట మేమొక మెట్ట గ్రామమునకు వెళ్ళినపుడు, మీవంటి వార్డు సభ్యుడొకరు మంచముపై ప్రక్కకు ఒరిగి పడుకొని యుండుట చూచితిమి. శస్త్రచికిత్స జరిగి ఐదు దినములైనదట. ఏమి తినుచున్నారని అడిగితిమి. “తింటేనే గదండీ ఆ బాధ, తినకుంటే బాధేముంది?” అని ఆయన నవ్వబోయి నవ్వలేకపోయెను. ఉదయము గ్లాసెడు పాలు, మధ్యాహ్నము పలుచని గంజి, రాత్రి రెండు బ్రెడ్డు ముక్కలు. మంచినీరు గూడ భయపడుచు త్రాగుచుండెను. దొడ్డికి పోయి నాలుగు దినములు గడచినవి. తరువాత జరిగినది ఆయన కుమారుడు మాతో చెప్పెను. రాయివలె గట్టిపడిన మలము పచ్చిపుండును ఒరసి రక్తము కారగా, ఆటోలో పడుకొనబెట్టి మరల ఆసుపత్రికి కొనిపోవలసి వచ్చెనట.

ఆయన చేసిన పొరపాటు తెలివితక్కువ వలన కలిగినది కాదు. పథ్యమనగా కడుపు మాడ్చుకొనుట యని మనలో చాలమంది తలంపు. కాని తినుట మానినంత మాత్రమున మలము ఏర్పడుట ఆగదు. అది పెద్దప్రేవులో ఎంతకాలము నిలిచియుండునో, అంతగా ప్రేవు అందలి నీటిని పీల్చుకొనును. అందువలన అది నానాటికి గట్టిపడును. గట్టిపడినకొలది బాధ, బాధ కలిగినకొలది భయము, భయపడినకొలది ఆపుకొనుట. దీనికి తోడు నొప్పి తగ్గుటకిచ్చు మాత్రలలో కొన్నియు, రక్తము పట్టుటకిచ్చు ఇనుము మాత్రలును మలబద్ధమును కలిగించును. కావున మలము మెత్తగా, తేలికగా వెడలునట్లు భుజించుటయే ఈ శస్త్రచికిత్సకు తగిన పథ్యము.

మొదటి దినమున మత్తు వదలి, వైద్యుడు సరేయనిన పిమ్మట జావ, ఇడ్లి, మెత్తని పప్పన్నము చాలును. మరునాటి నుండి పీచు గల పదార్థములను కొంచెము కొంచెముగా చేర్చవలెను. ఒక్కసారిగా ఎక్కువ తినినచో కడుపుబ్బరము కలుగును. పెద్దవారికి దినమునకు 25 మొదలు 30 గ్రాముల పీచు కావలెను. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రకటించిన పట్టికలను చూడుడు. నూరు గ్రాముల మిల్లు బియ్యములో పీచు మూడు గ్రాములైనను లేదు. జొన్నలలో పది గ్రాములు, రాగులలో పదకొండు గ్రాములు కలవు. జామపండులో ఎనిమిది గ్రాములకు పైగా ఉన్నది. మన తాతలు తినిన సంకటిని, జొన్నరొట్టెను బీదవాని తిండియని విడిచి, తెల్లని అన్నమే మర్యాద యనుకొంటిమి. పట్టణములలో ఇప్పుడు వానినే ఎక్కువ వెల యిచ్చి కొనుచున్నారు.

తోటకూర, బచ్చలి, పాలకూర పప్పులో వేసి వండవచ్చును. బీర, సొర, పొట్ల, చిక్కుడు కాయలు మంచివి. బొప్పాయి, మగ్గిన అరటి, బాగుగా పండిన జామ ఏదో యొకటి దినమును తినవలెను. కందను గూర్చి పలువురు అడుగుదురు. సంస్కృతమున దానికి అర్శోఘ్నమను పేరు కలదు. అనగా మొలలను పోగొట్టునదని యర్థము. బాగుగా ఉడికించి కూరగా తినవచ్చును గాని, పేరును నమ్మి వైద్యుని మందు మానరాదు.

పీచు తినుచు నీరు త్రాగకున్నచో మేలునకు బదులు కీడు జరుగును. రెండు మొదలు రెండున్నర లీటర్ల నీరు దినమున పట్టవలెను. మజ్జిగయు అందులో చేరును. గుండె జబ్బు, మూత్రపిండముల జబ్బు కలవారు మాత్రము ఎంత త్రాగవలెనో వైద్యుని అడుగవలెను. వైద్యుడు ఇసబ్గోలు పొట్టు వ్రాసి యిచ్చినచో దానిని నిండు గ్లాసు నీటిలో కలిపి వెంటనే త్రాగవలెను, పొడిగా నోట వేసికొనరాదు. ఆవకాయ, పచ్చిమిరప కారము పుండు మానువరకు వలదు. కారపు మంట లోపలికి పోవునపుడే కాక వెలుపలికి వచ్చునపుడును తెలియును. సారా, కల్లు ముట్టరాదు. మాంసము నిషిద్ధము కాదు గాని, కూరలేక మాంసమే తినినచో మలము గట్టిపడును.

గోరువెచ్చని నీరు పోసిన వెడల్పాటి బేసినులో దినమునకు రెండు మూడు సార్లు, పది పదిహేను నిమిషములు కూర్చుండుట నొప్పిని తగ్గించును. దొడ్డికి వచ్చినపుడు ఆపుకొనరాదు, ముక్కరాదు. కొలదిగా రక్తపు మరకలు కనబడుట సాధారణము. ఎక్కువగా రక్తము కారినను, జ్వరము వచ్చినను, మూత్రము బిగిసినను, మూడు దినములు విరేచనము కాకున్నను వెంటనే ఆసుపత్రికి పోవలెను. ఇంటికి వచ్చిన వారము పది దినములకు గూడ రక్తము కారవచ్చును గనుక, నొప్పి తగ్గినదని బస్తాలు మోయరాదు.

ఇది పంచాయతీ సభ్యులకేల యని మీరు అడుగవచ్చును. 1992లో పార్లమెంటు ఆమోదించిన 73వ రాజ్యాంగ సవరణతో చేరిన పదకొండవ షెడ్యూలులో త్రాగునీరు, ఆరోగ్యము, పారిశుధ్యము పంచాయతీల విషయములుగా చెప్పబడినవి. చీకటి పడువరకు బయటికి పోలేని స్త్రీ పగలు నీరు త్రాగదు. మరుగుదొడ్డి కట్టియున్నను నీరు లేక అందులో కట్టెలు పేర్చిన ఇండ్లు మేము చూచితిమి. అట్టి ఇంట శస్త్రచికిత్స జరిగిన స్త్రీకి చెంబెడు నీరు త్రాగుమని చెప్పుట మాకు సిగ్గుగా నుండును. మీ వార్డులో ఎవరి మరుగుదొడ్డికి నీరందుట లేదో, ఏ వృద్ధులు గొంతుకూర్చుండలేరో ఒక కాగితముపై వ్రాసికొనుడు. నడుమ రంధ్రము చేసిన కుర్చీని వడ్రంగి సులభముగా చేయగలడు.

ఉపకేంద్రపు నర్సు గారు ఇచ్చటనే ఉన్నారు. మగవారు అడుగుటకు వెనుకాడినచో చీటీపై వ్రాసి పంపవచ్చును, పేరు వ్రాయనక్కరలేదు.