పెద్ద కుక్క కొత్త ఇంటికి వస్తే

కుక్కను పెంచుకోవాలంటే చాలామంది చిన్న కుక్కపిల్లనే వెతుకుతారు. కానీ షెల్టర్లలో ఎదిగిన కుక్కలూ ఒక ఇంటికోసం ఎదురుచూస్తుంటాయి. వాటిని తెచ్చుకోండి. కాకపోతే కుదురుకునేందుకు వ్యవధి ఇవ్వండి.

బెదురు తగ్గడానికి 3 రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి 3 వారాలు, ఇది నా ఇల్లే అన్న ధీమా రావడానికి 3 నెలలు పడుతుందని ఒక అంచనా. కొన్నిటికి ఇంకా ఎక్కువే పట్టవచ్చు.

మొదటి రోజుల్లో చుట్టాలను పిలవకండి. సందడి లేని మూల దుప్పటి పరిచి, పక్కన నీళ్లు పెట్టండి. తింటున్నప్పుడు, పడుకున్నప్పుడు దాన్ని కదిలించవద్దని, మీదపడి కౌగిలించుకోవద్దని పిల్లలకు చెప్పండి. ఊరికే పెదాలు నాకడం, పదేపదే ఆవులించడం, ముఖం తిప్పుకోవడం బెరుకుకు గుర్తులు. అప్పుడు దూరం జరగండి. గుర్రుమంటే కొట్టకండి. అది హెచ్చరిక. దాన్ని అణిచేస్తే, ఈసారి హెచ్చరించకుండానే కరవవచ్చు.

అలవాటైన తిండినే పెడుతూ, వారం పది రోజుల్లో మెల్లగా మార్చండి. ఉల్లిపాయ, ద్రాక్ష, కిస్‌మిస్, చాక్లెట్ కుక్కలకు విషం.

వీధి నుంచి వచ్చిన కుక్కయితే చెవి అంచు చూడండి. అక్కడ కత్తిరించిన గుర్తుంటే సాధారణంగా పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయినట్టే. అయినా పశువైద్యుడికి చూపించి, రేబిస్ టీకా తప్పక వేయించండి. కొత్తలో బెదిరి పారిపోయే కుక్కలెక్కువ. గేటు మూసే ఉంచండి, బయట పట్టీ వదలకండి.

రోజూ అదే వేళకు తిండి, అదే వేళకు నడక, అదే మెత్తని పిలుపు. భయపడిన ప్రాణికి నమ్మకం కలిగేది వీటితోనే. ఓపిక పట్టండి.