పైపు ఆర్గనూ, మన హార్మోనియమూ
(వినుకొండలో చేసిన ప్రసంగ పాఠము)

శతాబ్ది చందాలలో కొంత తీసి ఎలక్ట్రానిక్ కీబోర్డు కొందామా, మూలనున్న కాలి హార్మోనియమును పాత సామానుల వానికి ఇచ్చివేద్దామా అని గత నెల కమిటీలో మాట వచ్చినది. మేము వెంటనే జవాబు చెప్పక, దాని వెనుక పలక విప్పి చూచితిమి. చూచిన పిమ్మట, దాని పెద్దన్నయైన పైపు ఆర్గను సంగతి మీకు చెప్పక తప్పదనిపించినది.

ఆస్ట్రేలియాలో సిడ్నీ ఆపెరా హౌస్ 1973లో తెరవబడినది. అందలి కచేరీ మందిరపు ఆర్గను మాత్రము 1979 వరకు పూర్తికాలేదు. రోనాల్డ్ షార్ప్ అను ఆయన ఈ విద్యను స్వయముగా నేర్చుకొని, సుమారు 10 సంవత్సరములు దానికే అంకితమయ్యెను. అందులో గొట్టములే 10,000కు పైగా ఉన్నవి. మన కమిటీయైతే రెండవ ఏటనే లెక్కలడిగి యుండును!

అంత గొడవ ఎందుకనగా, గొట్టము పొడవే స్వరము. 8 అడుగుల గొట్టము పలికిన స్వరమునకు క్రింది స్థాయి కావలెనన్న 16 అడుగులు, పై స్థాయికి 4 అడుగులు కావలెను. మెట్టు నొక్కగానే గొట్టము క్రింది మూత తెరచుకొని, గాలిపెట్టెలోని గాలి లోనికి పోవును. ఆ గాలి ఒత్తిడి ఏమాత్రము చలించినా పాట వణకును. తగరము, సీసము కలిపి పోసిన గొట్టమును కార్ఖానాలో ఎంత సరిచేసినా, మందిరములో నిలబెట్టిన తరువాత ఒక్కొక్కదాని పెదవిని మరల దిద్దవలెను. ఆ గోడల ప్రతిధ్వనిని బట్టియే దాని గొంతు కుదురును.

మరి మన పల్నాటి ఎండకు? గొట్టములోని గాలి వేడెక్కిన కొలది శ్రుతి పెరుగును. 20 డిగ్రీల నుండి 40కి పోయిన, ప్రక్క ప్రక్క మెట్ల మధ్యనున్న దూరములో సగమునకు పైగా జరుగును. హార్మోనియములో గొట్టములు లేవు. స్వరము ఇత్తడి రీడుది. అది ఎండకు అంతగా చలించదు. 1840 ప్రాంతమున పారిస్‌లో అలెగ్జాండర్ దెబైన్ హార్మోనియమునకు హక్కు పొందెను. తరువాత కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ కాలి తిత్తిని చేతి తిత్తిగా మార్చి, నేలపై కూర్చుండి వాయించు మనవారికి అనుకూలపరచెను.

మన పెట్టెలో రీడ్లన్నియు బాగున్నవి. చిరిగినది తిత్తి గుడ్డ మాత్రమే. అదియు ఎలుకల పని. కీబోర్డుకు మేము విరోధులము కాము, యువకులు కొనుక్కొనవచ్చును. కాని ఈ పెట్టెను అమ్మవద్దని మా మనవి. తిత్తికి తోలు తెప్పించితిమి. వడ్రంగి శనివారము వచ్చెదనన్నాడు. ఎడమ చివరి మెట్టు ఒక్కటి ఇంకను పలుకుట లేదు.