చిన్న పురుగు కాటు – చీటీ మీద మూడు మాటలు



గోమారి అంటే తెలియని వాళ్ళు మేడ్చల్, శామీర్‌పేట పల్లెల్లో ఉండరు. కొందరు దాన్ని పిడుదు అంటారు. బర్రె చెవిలో ఉంటుంది. ఆవు పొదుగు దగ్గర ఉంటుంది. కుక్క మెడ కింద ఉంటుంది. మొదట నువ్వు గింజంత ఉంటుంది. రక్తం తాగి తాగి ఆముదం గింజంత అవుతుంది. పసుల కాడ పనిచేసే వాళ్ళు దాన్ని పీకి పారేస్తారు. మళ్ళీ తమ పనిలో తాము పడిపోతారు.

ఈ పురుగులు పశువులనే కాదు, మనుషులనూ పట్టుకుంటాయి. కొన్ని పురుగుల కాటు వల్ల జ్వరం వస్తుంది. ఆ జ్వరం చూడడానికి మలేరియాలా ఉంటుంది. టైఫాయిడ్‌లా ఉంటుంది. డెంగీలా ఉంటుంది. అది ఏ జ్వరమో తెలిసేలోపు రోజులు గడిచిపోతాయి. రోగి ప్రాణం మీదికి వస్తుంది. సమయానికి తెలిస్తే మాత్రం వీటిలో చాలా జ్వరాలు చవక మందుతోనే తగ్గిపోతాయి.

మరి సమయానికి తెలిసేది ఎట్లా? అందుకు చదువు పనికొస్తుంది. ఎట్లాగో వినండి.

ఒక తల్లి రాసి పెట్టుకున్న లెక్క

అమెరికాలో కనెక్టికట్ అనే రాష్ట్రం ఉంది. అందులో లైమ్ అనే చిన్న ఊరు ఉంది. ఆ చుట్టుపక్కల చెట్లు, పొదలు, జింకలు ఎక్కువ. ఆ ఊళ్ళో పాలీ మర్రే అనే గృహిణి ఉండేది. ఆమెకూ, ఇంట్లో వాళ్ళకూ ఒంటి మీద ఎర్రటి మచ్చలు వచ్చేవి. కీళ్ళు వాచేవి. ఎందరు డాక్టర్లకు చూపించినా కారణం తెలియలేదు.

ఆమె ఊరుకోలేదు. ఎవరికి ఎప్పుడు ఏమైందో రాసి పెట్టుకుంది. ఇరుగుపొరుగు వాళ్ళకూ అదే బాధ ఉందని తెలుసుకుంది. 1975లో ఆరోగ్య శాఖకు చెప్పింది. ఇంకో తల్లి కూడా అదే మాట చెప్పింది. అప్పుడు అలెన్ స్టీర్ అనే డాక్టరు వచ్చి పరీక్షలు చేశాడు. పక్కపక్కన ఉన్న 3 ఊళ్ళలో 51 మందికి ఈ రోగం ఉన్నట్టు తేలింది. వాళ్ళలో 39 మంది పిల్లలే. ఆ ఊరి పేరు మీదనే దానికి లైమ్ వ్యాధి అని పేరు వచ్చింది. 1981లో విల్లీ బర్గ్‌డార్ఫర్ అనే శాస్త్రవేత్త ఆ రోగ క్రిమిని పిడుదుల కడుపులో కనిపెట్టాడు.

చూశారా? అంత పెద్ద సంగతి బయటికి రావడానికి ఒక తల్లి రాసుకున్న కాగితాలు దారి చూపాయి.

ఇక్కడి సంగతి ఏమిటి?

అమెరికాలో లైమ్ వ్యాధిని మోసే పిడుదు వేరే జాతిది. మేడ్చల్ బర్రెల మీద కనిపించే గోమారి అది కాదు. కాబట్టి గోమారి కుట్టిన ప్రతిసారీ లైమ్ వ్యాధి వచ్చిందని హడలిపోవద్దు. ఇక్కడ జాగ్రత్త పడాల్సిన జ్వరాలు వేరే ఉన్నాయి.

మొదటిది స్క్రబ్ టైఫస్. దీన్ని తెచ్చేది గోమారి కాదు. గోమారికి దూరపు చుట్టం లాంటి మరో పురుగు. దాని పిల్లను చిగ్గర్ అంటారు. అది కంటికి ఆనదు. పొదల్లో, గడ్డిలో, ఎలుకల ఒంటి మీద ఉంటుంది. మనిషిని కుడితే నొప్పి తెలియదు. వారం, పది రోజులకు జ్వరం మొదలవుతుంది. ఒక్కోసారి మూడు వారాలు కూడా పట్టవచ్చు. తలనొప్పి, ఒళ్ళు నొప్పులు, దగ్గు, వాంతులు ఉంటాయి.

దీనికి ఒక గుర్తు ఉంది. కుట్టిన చోట నల్లటి పెచ్చు కడుతుంది. బీడీతో చురక పెట్టినట్టు ఉంటుంది. చంకలో, గజ్జల్లో, నడుము దగ్గర, రొమ్ము కింద, చెవి వెనుక దాగి ఉంటుంది. అందరికీ ఈ పెచ్చు ఉండదు. పెచ్చు లేదని జ్వరాన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

మందు ఆలస్యమైతే ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, మెదడు దెబ్బతింటాయి. ప్రాణం పోవచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో స్క్రబ్ టైఫస్ వ్యాపించిన తీరు గురించి హైదరాబాద్ నిమ్స్ డాక్టర్లు 2014లో వైద్య పత్రికలో రాశారు. 2025 చివర్లో ఆంధ్రప్రదేశ్ జిల్లాల్లో ఈ జ్వరం మళ్ళీ కలవరం పుట్టించింది. ఇది ఎక్కడో దూరదేశపు రోగం కాదు.

రెండోది పిడుదు టైఫస్. ఇది కుక్కల మీద ఉండే పిడుదుల వల్ల వస్తుంది. జ్వరంతో పాటు ఒంటి మీద ఎర్రటి పొక్కులు వస్తాయి. అరచేతుల్లో, అరికాళ్ళలో కూడా రావచ్చు.

మూడోది కోతి జ్వరం. 1957లో కర్ణాటకలోని షిమోగా జిల్లా క్యాసనూరు అడవిలో కోతులు చచ్చిపడ్డాయి. ఆ చుట్టుపక్కల మనుషులకూ జ్వరం వచ్చింది. అడవి పిడుదుల వల్ల వచ్చే వైరస్ జ్వరం ఇది. తరువాత కేరళ, గోవా, మహారాష్ట్రలలో కూడా కనిపించింది. అడవి పనికి ఆ ప్రాంతాలకు పోయే కూలీలు ఈ సంగతి తెలుసుకోవాలి. చచ్చిన కోతిని చేత్తో ముట్టవద్దు. అటవీ సిబ్బందికి చెప్పాలి.

పొదలు ఎక్కడో లేవు

మేడ్చల్, శామీర్‌పేటలకు ఒకప్పుడు ద్రాక్ష తోటల పేరు. తరువాత చాలా భూములు ప్లాట్లయ్యాయి. రాళ్ళు పాతిన ప్లాట్లలో ఇళ్ళు లేవు. గడ్డి, వయ్యారిభామ, తుమ్మ పొదలు మొలిచాయి. చెత్త చేరింది. చెత్త ఉన్న చోట ఎలుకలు ఉంటాయి. ఎలుకలు ఉన్న చోట చిగ్గర్లు ఉండవచ్చు. పిల్లలు అక్కడే ఆడుకుంటారు. మేకలు అక్కడే మేస్తాయి. ఆదివారం శామీర్‌పేట చెరువు కట్టకూ, జింకల పార్కుకూ వచ్చే వాళ్ళు గడ్డి మీదనే కూర్చుంటారు. గడ్డిలో పోవద్దంటే బతుకు గడవదు. కాబట్టి జాగ్రత్తగా పోవాలి.

ఈ జాగ్రత్తలు తీసుకోండి

గడ్డి కోసేటప్పుడు, పొదలు కొట్టేటప్పుడు ఒళ్ళంతా కప్పే బట్టలు, బూట్లు వేసుకోండి. గడ్డి మీద కూర్చోవాలంటే సంచో, చెద్దరో పరుచుకోండి. ఉతికిన బట్టలు పొదల మీద ఆరేయకండి. ఇంటికి రాగానే సబ్బుతో ఒళ్ళు రుద్దుకొని స్నానం చేయండి. విడిచిన బట్టలు వేడినీళ్ళలో ఉతకండి. పిల్లల చంకలు, చెవుల వెనుక, తల వెంట్రుకలు రోజూ చూడండి.

ఇంటి చుట్టూ గడ్డి పెరగనివ్వకండి. పసుల కొట్టంలో గోడల పగుళ్ళు పూడ్చండి. గోమారి ఆ సందుల్లో చేరి వేలకొద్దీ గుడ్లు పెడుతుంది. గోమార్లు ఎక్కువైతే పశువుల డాక్టరును అడిగి మందు వాడండి. సంకర జాతి ఆవులకు గోమార్ల వల్ల థైలేరియా జ్వరం వస్తుంది. పాలు తగ్గుతాయి. ఆవు చచ్చిపోవచ్చు కూడా. పొలానికి కొట్టే పురుగు మందును మాత్రం పసుల మీద చల్లకండి.

గోమారి ఒంటిని పట్టుకుంటే

కిరోసిన్ పోయవద్దు. సున్నం పెట్టవద్దు. బీడీతో కాల్చవద్దు. అట్లా చేస్తే అది తన కడుపులోని క్రిములను మన ఒంట్లోకి కక్కవచ్చు. ముల్లు తీసే చిన్న పట్టకారు తీసుకోండి. చర్మానికి ఆనించి, గోమారి మూతి దగ్గర పట్టుకోండి. మెలి తిప్పకుండా నిదానంగా పైకి లాగండి. దాన్ని వేళ్ళతో చిదమవద్దు. కుట్టిన చోటునూ, చేతులనూ సబ్బుతో కడగండి. ఎంత తొందరగా తీస్తే అంత మంచిది. ఆ రోజు తేదీ రాసి పెట్టుకోండి.

జ్వరం వస్తే

ఒక సూది, ఒక సెలైన్ సీసా ఎక్కించుకొని ఇంట్లో పడుకోవద్దు. సర్కారు దవాఖానకు పోండి. దారి తెలియకపోతే ఆశ కార్యకర్తను అడగండి. ఆయాసం వచ్చినా, మాట తడబడినా, మూత్రం తగ్గినా 108కి ఫోన్ చేయండి.

స్క్రబ్ టైఫస్‌కూ, పిడుదు టైఫస్‌కూ డాక్సీసైక్లిన్ అనే మందు ఇస్తారు. అది ఖరీదైనది కాదు. తొందరగా మొదలుపెడితే సాధారణంగా రెండు, మూడు రోజుల్లోనే జ్వరం దిగుతుంది. జ్వరం దిగిందని మందు మధ్యలో ఆపవద్దు. ఎవరికి వారు కొనుక్కొని మింగవద్దు. గర్భిణీలకు వేరే మందు ఇస్తారు. కాబట్టి ఆ సంగతి డాక్టరుకు ముందే చెప్పాలి. కోతి జ్వరానికి ఈ మందు పనిచేయదు. దవాఖానలో ఉండి చికిత్స తీసుకోవాలి.

డాక్టరు దగ్గర చాలా మంది ఉంటారు. రోగికి మాట్లాడే ఓపిక ఉండదు. గడ్డి కోసిన సంగతి గుర్తే రాదు. చాటున ఉన్న మచ్చను చూపడానికి ఆడవాళ్ళు సిగ్గుపడతారు. అందుకే ఇంట్లో అక్షరం వచ్చిన వాళ్ళు ఒక చీటీ రాయాలి. చీటీలో మూడు మాటలు చాలు.

ఒకటి: ఎక్కడ తిరిగారు?
రెండు: జ్వరం ఏ తేదీన మొదలైంది?
మూడు: ఒంటి మీద కాటు గానీ, మచ్చ గానీ ఎక్కడ ఉంది?

ఇట్లా రాయవచ్చు:

"12వ తేదీ. చెరువు కట్ట దగ్గర గడ్డి కోసింది. 21వ తేదీ. జ్వరం మొదలైంది. చంకలో నల్ల మచ్చ ఉంది."

అక్షరాలు వంకరగా ఉన్నా ఫరవాలేదు. తప్పులు ఉన్నా ఫరవాలేదు. ఆ చీటీ చూస్తే ఏ జ్వరం కోసం వెతకాలో డాక్టరుకు దారి దొరుకుతుంది. రోజులు వృథా కావు.

వేలిముద్ర వేసే చేతులు ఇప్పుడు పెన్ను పట్టుకున్నాయి. సంతకం చేయడం నేర్చుకున్నాయి. ఆ చేతులతోనే రేపు ఇంట్లో ఎవరికి జ్వరం వచ్చినా ఈ మూడు మాటలు రాయండి. చీటీ పట్టుకొని దవాఖానకు పోండి. పక్కింట్లో రాయడం రాని వాళ్ళు ఉంటే, వాళ్ళ చీటీ కూడా మీరే రాసి పెట్టండి.