నడుము విరిపించుకునే ముందు
(తాడేపల్లిలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

కార్యదర్శిగారు నన్ను నడుమునొప్పి మీద నాలుగు మాటలు చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళు సర్కారు ఆసుపత్రుల్లో ఫిజియోథెరపీ చేసినవాడిని కాబట్టి అడిగి ఉంటారు. అయితే ఈ రోజు మీ నడుముల కంటే మీ కొడుకుల, మనవల నడుముల గురించే ఎక్కువ చెబుతాను.

మీరంతా సెల్‌ఫోనులో చూసే ఉంటారు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి మెడ ఒక్క తిప్పు తిప్పుతారు, టపటపమని చప్పుడు, అతను నవ్వుతూ లేస్తాడు. దీన్ని కైరోప్రాక్టిక్ అంటారు. 1895లో అమెరికాలోని డావెన్‌పోర్ట్ పట్టణంలో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. మనకూ మరీ కొత్త కాదు. క్షవరం అయ్యాక మంగలి మెడ విరిస్తే హాయిగా ఉందని ఇంకో అర్ధరూపాయి ఇచ్చిన తరం మనది. ఆ చప్పుడు పక్కకు జరిగిన ఎముక తిరిగి చోటుకు చేరిన చప్పుడు కాదు. కీలులోని ద్రవంలో గాలి బుడగ ఏర్పడిన చప్పుడు, అంతే.

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీలు మోసే ముఠా కూలీకి, రోజంతా వంగి పత్తి తీసే ఆడమనిషికి వచ్చే నొప్పి వేరు. అది పనిచేస్తే పెరుగుతుంది, పడుకుంటే తగ్గుతుంది. అలాంటి నొప్పికి తెలిసినవాడి చేత్తో సర్దుబాటు చేయిస్తే కొంత ఉపశమనం ఉంటుంది. ఇంచుమించు వ్యాయామంతో వచ్చేంతే. దానికి నాకు అభ్యంతరం లేదు.

రెండో రకం నొప్పి దీనికి తలకిందులు. పడుకుంటే పెరుగుతుంది, తిరిగితే తగ్గుతుంది. నా తోటి ఉద్యోగి ఒకాయన ఇరవై ఎనిమిదేళ్ళ కొడుకుని నా దగ్గరకు తీసుకొచ్చాడు. "వీడికి ఎముక పక్కకు జరిగిందట, ఒకసారి లాగి సరిచెయ్యండి" అన్నాడు. కుర్రవాడు తెల్లవారుజామున మూడింటికి లేచి వరండాలో పచార్లు చేస్తాడు. పొద్దున గంటసేపు వంగి చెప్పులు వేసుకోలేడు. పది గంటలకల్లా మామూలు మనిషి. ఇలా ఆరేళ్ళు. తండ్రి బద్ధకమనుకున్నాడు. ఆరేళ్ళూ ఆ మాటే పడ్డాడు పిల్లవాడు. గోడకు వీపు, మడమలు ఆనించి నిలబడమన్నాను. తల వెనక భాగం గోడకు తగల్లేదు. నేను చెయ్యి వెయ్యలేదు, ఎక్స్‌రేకు పంపాను.

అది యాంకిలోజింగ్ స్పాండిలైటిస్. మన వాళ్ళు మెడ పట్టేసినా స్పాండిలైటిస్ అంటారు. అది వయసుతో వచ్చే అరుగుదల, ఇది అది కాదు. ఇందులో శరీర రక్షణ వ్యవస్థే దారితప్పి, వెన్ను అడుగున తుంటి ఎముకతో కలిసే కీళ్ళలో వాపు పుట్టిస్తుంది. సాధారణంగా నలభై అయిదేళ్ళలోపే, నెమ్మదిగా మొదలవుతుంది. కొందరిలో ఏళ్ళ తరబడి సాగి, పూసల మధ్య ఎముక పెరిగి వెన్నంతా వెదురుబొంగులా అతుక్కుపోతుంది. పైకి గట్టిగా కనబడినా లోపల ఎముక గుల్లబారుతుంది. అలాంటి వెన్ను చిన్న పాటుకే విరగగలదు. దాన్ని బల్ల మీద వేసి ఒక్కసారిగా తిప్పితే ఏమవుతుంది? వెన్నుపాము దెబ్బతింటే కాళ్ళు పడిపోవచ్చు. అందుకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2005లో కైరోప్రాక్టిక్ మీద వేసిన మార్గదర్శకాల్లోనే, ఇలాంటి వాపు ఉన్న కీళ్ళను ఇట్లా తిప్పరాదని రాశారు. వెన్ను అతుక్కున్నవారికి అసలే వద్దని అమెరికా కీళ్ళవాత వైద్యుల సంఘం 2019లో గట్టిగా చెప్పింది. తిప్పినంత మాత్రాన వాపు తగ్గదు కూడా.

నిర్ధారణ గురించి ఒక మాట. హెచ్.ఎల్.ఏ. బి-27 అనే రక్తపరీక్షకు ఈ జబ్బుతో సంబంధం 1973లో బయటపడింది. కానీ అది ఉన్నవాళ్ళలో ఎక్కువమందికి ఈ జబ్బు రానే రాదు. కాబట్టి ఆ ఒక్క కాగితం చూసి కంగారు పడకండి. ఎక్స్‌రేలో మార్పు కనబడడానికి ఏళ్ళు పడుతుంది, ఎం.ఆర్.ఐ.లో ముందే తెలియవచ్చు. కన్ను ఎర్రబడి నొప్పి, వెలుతురు చూడలేకపోవడం ఉంటే ఆ సంగతీ డాక్టరుకు చెప్పాలి. వెంటనే కంటి వైద్యుడి దగ్గరకూ వెళ్ళాలి.

మందులున్నాయి. వాపు తగ్గించే మాత్రలు చాలామందికి పనిచేస్తాయి. కడుపు, కిడ్నీ, బి.పి. చూసి డాక్టరే ఇవ్వాలి. 2003 నుంచి కొత్తరకం ఇంజెక్షన్లు వాడుకలోకి వచ్చాయి. వాటికి ముందు క్షయ పరీక్ష తప్పనిసరి, లోపల నిద్రపోతున్న క్షయను అవి లేపగలవు. ఏ మందు వేసినా రోజూ వ్యాయామం మానకూడదు. సిగరెట్టు మానాలి.

క్షయ అన్నాను గనుక, వెన్నుపూసకు వచ్చే క్షయ మన దేశంలో అరుదు కాదు. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, నడుమునొప్పి కలిసి ఉంటే ఏ మర్దనా వద్దు, నేరుగా ఆసుపత్రికే. మన వయసువారికి కొత్తగా, ఉన్నట్టుండి నడుమునొప్పి వచ్చినా అంతే. గుల్లబారిన పూస నలిగి ఉండవచ్చు.

మనకు పక్కనే మంగళగిరి ఎయిమ్స్‌లో 2019 నుంచి ఓ.పి. నడుస్తోంది. ముందు వాడిని కూర్చోబెట్టి అడగండి: "రాత్రి ఎన్నింటికి మెలకువ వస్తోందిరా? పొద్దున ఎంతసేపు పట్టేస్తోంది?" ఆ రెండు జవాబులూ కాగితం మీద రాసి డాక్టరు చేతికివ్వండి.

సంచుల్లో ఎక్స్‌రేలు పెట్టుకుని వచ్చినవారు నలుగురైదుగురు కనబడుతున్నారు. భోజనాలయ్యాక పక్క గదిలో కూర్చుందాం.