తొలి యంత్రవీరుడు – మలి యంత్రవీరుడు



నేటి ప్రసంగవిషయము విని పెద్దలలో కొందరు నవ్వవచ్చును. బాలురు టెలివిజనులో చూచు బొమ్మలకథలలోని యొక యినుపవీరుని గూర్చి నేను చెప్పబోవుచున్నాను. కార్తీకమాసమున పంచమీతీర్థమునకు తిరుచానూరు వచ్చు తాత, మనుమని చేయి పట్టుకొని బొమ్మల యంగడి ముందు నిలువక తప్పదు. మనుమడు కొయ్యగుఱ్ఱమును విడిచి, లారీగా మాఱెడు మరబొమ్మను చూపును. ఆ బొమ్మ యెవరో తాతకు తెలియుట మంచిది. ఏలన, దాని కథలో పిల్లలకంటె పెద్దలు నేర్చుకొనవలసినదే యెక్కువగా నున్నది.

మొదట 'రోబో' యను మాట సంగతి. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో ప్రకటించిన నాటకమునుండి యీ మాట లోకమున వ్యాపించినది. ఆ భాషలో 'రొబోత' యనగా వెట్టిచాకిరి. వెట్టి యన నేమో మన పల్లెలకు వేఱుగ చెప్పనక్కఱలేదు. అట్టి వెట్టిమర, బాలుర మనస్సులలో వీరు డెట్లయ్యెను?

అమెరికాలోని హాస్‌బ్రో యను ఆటవస్తువుల సంస్థ, జపానులోని తకారా సంస్థవారి మరబొమ్మలను తీసికొని, వానికి క్రొత్తపేర్లు పెట్టి, 1984లో టెలివిజనుమీద ఒక బొమ్మలకథను నడిపించెను. ఆ కథ పేరు ట్రాన్స్‌ఫార్మర్స్; రూపము మార్చువారని యర్థము. సజ్జనపక్షమునకు నాయకుడు ఆప్టిమస్ ప్రైమ్, దుర్జనపక్షమునకు మెగాట్రాన్. కథ బొమ్మల యమ్మకముకొఱకే పుట్టినదనుట నిజము. అయినను అందులో ఒక చక్కని యూహ యున్నది. శత్రువు రూపము మార్చినచో తుపాకి యగును. నాయకుడు రూపము మార్చినచో ఎఱ్ఱని లారీ యగును. ఒకటి ప్రాణము తీయు వస్తువు, రెండవది పరులకొఱకు బరువు మోయు వస్తువు. మదనపల్లె టమాటాలను రాత్రికి రాత్రి పరదేశము చేర్చు లారీని చూచినవారి కీ భేదము వెంటనే బోధపడును.

ఆ నాయకునకు గొంతు నిచ్చినవాడు పీటర్ కలెన్ అను నటుడు. ఆయన యన్నగారు వియత్నాము యుద్ధమున పనిచేసిన సైనికుడు. వీరుని పాత్రకు పరీక్షకు పోవుచున్నానని తమ్ముడు చెప్పగా, నిజమైన వీరుడు కేకలు వేయడనియు, మృదువుగా నుండగల యంతటి బలము కలవాడై యుండవలెననియు అన్న హితవు చెప్పెనట. తమ్ముడు అన్న గొంతునే మనస్సున నిలుపుకొని మాటలాడెను. తోలుబొమ్మలాట నెఱిగినవారి కిది వింత కాదు. ధర్మవరము చెంతనున్న నిమ్మలకుంటలో నేటికిని చిత్రకారులు తోలుమీద రాముని, హనుమంతుని చిత్రించుచున్నారు. తోలు తోలే, వెనుకనుండి దీపమును, ప్రక్కనుండి గొంతును తోడైనప్పుడు గదా యది హనుమంతు డగుచున్నది!

ఇక అసలు సంగతికి వత్తము. 1986లో ఆ కథను సినిమాగా తీసిరి. పాతబొమ్మలను తొలగించి క్రొత్తబొమ్మల నమ్మవలెనను తలంపుతో, ఆ సినిమాలో ఆప్టిమస్‌ను చంపివేసిరి. బొమ్మ పాతబడినది, క్రొత్తది పెట్టుదమను లెక్కయే గాని, బాలురు తండ్రివలె నమ్మిన యొక వ్యక్తిని తీసివేయుచున్నామని వారు తలంపలేదు. సినిమాశాలలలో పిల్లలు వెక్కివెక్కి యేడ్చిరి. తల్లిదండ్రులు సంస్థకు ఉత్తరములు వ్రాసిరి.

నాయకుని స్థానమున హాట్ రాడ్ అను యువకుని నిలిపి, రోడిమస్ ప్రైమ్ అని పట్టము కట్టిరి. అతడు దుష్టుడు కాడు, ధైర్యము కలవాడు. కాని పోరు నడుమ తొందరపడి దూరి, శత్రువునకు డాలై, తన నాయకుడు దెబ్బతినుటకు తానే కారణమయ్యెను. బిరుదు వచ్చెను గాని నమ్మకము రాలేదు. తరువాతి కథలలో తన యర్హతను తానే శంకించుకొనుచుండెను. ఇందు తప్పు పూర్తిగా ఆ యువకునిది కాదు. పెద్దవాని ప్రక్కన నిలిచి పని నేర్చుకొను గడువీయక, ఆసనము ఖాళీచేసి కూర్చుండబెట్టినవారిదే తప్పు.

సంస్థవారు వేగమే పాఠము నేర్చిరి. 1987లో వచ్చిన వారి మఱియొక బొమ్మలకథలో, జి.ఐ. జో యను దానిలో, వీరుని మరణమును మార్చి మూర్ఛగా చూపిరి. ఆ సంవత్సరమే ఆప్టిమస్‌ను కథలోనికి మరల తీసికొనివచ్చిరి. 2007లో పెద్ద సినిమా తీసినప్పుడు, రూపమంతయు మార్చినను, గొంతుకొఱకు మరల పీటర్ కలెన్‌నే పిలిచిరి. బొమ్మ మాఱినను గొంతు మాఱరాదని వారికి తెలిసివచ్చినది.

క్రొత్తవా రెవ్వరును రాణింపరని నా మాట కాదు. 1996లో వచ్చిన బీస్ట్ వార్స్ అను కథలో ఆప్టిమస్ ప్రైమల్ అను నాయకుడు గొరిల్లా రూపమున వచ్చెను. అతడు పెద్దవాని యాసనముమీద కూర్చుండలేదు. తన కాలమున, తన కథలో, తన కష్టముతో పేరు తెచ్చుకొనెను. బాలు రతనిని ఆదరించిరి. కావున జనులు రోయునది మార్పును గాదు; సంపాదింపని పేరును.

గ్రామపెద్దలారా! మీ యూరి భజనమేళమునకు, చెఱువుకట్ట పనికి, తగవు తీర్చు రచ్చబండకు రేపు నాయకు లెవరు? మనము పోయినపిమ్మట బిరుదు మాత్రము మిగిల్చినచో, కుఱ్ఱవాడు రోడిమస్‌వలె తన్ను తానే శంకించుకొనును. ఊరివా రతనిని నమ్మరు. మనము బ్రతికియుండగనే వాని భుజముమీద కొంత బరువు పెట్టి, తడబడినప్పుడు మందలించి, నెగ్గినప్పుడు నలుగురిలో మెచ్చుకొనవలెను. మఱియు ఇంటిలో నొక బాలుడు బొమ్మలకథ చూచి యేడ్చినచో నవ్వకుడు. మంచివా డొకడు పోయెనని వాడు దుఃఖించుచున్నాడు. ఆ దుఃఖము తెలిసిన బిడ్డయే రేపు పెద్దల విలువ నెఱుగును.